జార్జియా అసలు ఏ పార్టీ రాష్ట్రం? పాత ఫలితాలు చూస్తే తల తిరుగుతోంది

కమ్మింగ్_కుర్రాడు
నిన్న ఆఫీసులో లంచ్ దగ్గర పెద్ద వాదన. ఒకాయన "జార్జియా మొదట్నుంచీ రిపబ్లికన్ రాష్ట్రం, 2020లో బైడెన్ గెలవడం గాలివాటం, 2024తో మళ్లీ దారిలో పడింది" అంటాడు. ఇంకొకాయనేమో "ఇంకో పదేళ్లు ఆగు, ఇది పూర్తిగా డెమోక్రాట్ల చేతికి పోతుంది" అంటాడు. నేను ఇక్కడికి వచ్చాక చూసినవి 2016లో ట్రంప్, 2020లో బైడెన్, 2024లో మళ్లీ ట్రంప్. 2020లో అయితే దాదాపు యాభై లక్షల ఓట్లు పడితే తేడా 11,779. ఇంటికొచ్చి పాత ఫలితాలు తిరగేస్తే ఇంకా అయోమయం, 1976లో ఇక్కడివాడైన డెమోక్రాట్ కార్టర్‌కి మూడింట రెండొంతుల ఓట్లు, అంతకుముందు నాలుగేళ్ల క్రితమే రిపబ్లికన్ నిక్సన్‌కి 75 శాతం! ఒకే రాష్ట్రం, ఒకే జనం, ఇంతలా ఎలా మారతారు? తెలిసినవాళ్లు చెప్పండి, రేపు లంచ్‌కి సమాధానం కావాలి.

ఫ్రిస్కో_ఫణి
మీది నయం. మా టెక్సస్‌లో ప్రతి నాలుగేళ్లకీ "ఈసారి మారుతుంది" అంటారు, మారదు. డెమోక్రాట్ అభ్యర్థి ఇక్కడ చివరిసారి గెలిచింది 1976లో, అదీ మీ కార్టరే.

చరిత్ర_చలపతి
"మొదట్నుంచీ రిపబ్లికన్" అన్నాయన్ని ముందు కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పండి. 1868 నుంచి 1960 దాకా జార్జియా అధ్యక్ష ఎన్నికల్లో ఒక్కసారి కూడా రిపబ్లికన్‌ని గెలిపించలేదు. ఒక్కసారి కూడా! 1860లో అయితే లింకన్ పేరు ఇక్కడి బ్యాలెట్ మీదే లేదు. తర్వాత అంతర్యుద్ధం, 1864లో ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం అట్లాంటాని తగలబెట్టి సవన్నా దాకా దారిపొడవునా నాశనం చేసుకుంటూ పోయింది. ఆ తర్వాత తరాల తరబడి ఇక్కడి తెల్లవాళ్లకి రిపబ్లికన్ పార్టీ అంటే లింకన్ పార్టీ, షెర్మన్ పార్టీ. 1928లో డెమోక్రాట్లు క్యాథలిక్ అయిన ఆల్ స్మిత్‌ని నిలబెడితే టెక్సస్, ఫ్లోరిడా, వర్జీనియా లాంటివి కూడా జారిపోయాయి, జార్జియా జారలేదు. 1932లో రూజ్‌వెల్ట్‌కి ఇక్కడ 90 శాతం దాటాయి. ఆయనకి పోలియో వచ్చాక వేడినీటి ఊటల్లో చికిత్స కోసం వచ్చేది ఇక్కడి వార్మ్ స్ప్రింగ్స్‌కే, 1945లో చనిపోయిందీ అక్కడే. 1960లో కెనెడీకి 62 శాతం పైన.

ఇక 1964లో రిపబ్లికన్ అభ్యర్థిగా గోల్డ్‌వాటర్ వచ్చాడు. జాతి వివక్షని నిషేధించిన పౌర హక్కుల చట్టానికి వ్యతిరేకంగా సెనేట్‌లో ఓటేసిన మనిషి. దేశమంతా చిత్తుగా ఓడాడు, గెలిచింది సొంత రాష్ట్రం అరిజోనా, దానితో పాటు దక్షిణాదిలో ఐదు రాష్ట్రాలు. అందులో జార్జియా ఒకటి. రిపబ్లికన్ అభ్యర్థి జార్జియాని గెలవడం చరిత్రలో అదే మొదలు. 1968లో రెండు పార్టీలూ కాదని జార్జ్ వాలెస్‌కి వేశారు. 1972 నిక్సన్, 1976, 1980 కార్టర్, 1984 రీగన్. అంటే 1964 నుంచి 1976 దాకా వరుసగా నాలుగు ఎన్నికలు, ప్రతిసారీ అంతకుముందు గెలిపించిన పార్టీని కాదని ఇంకొకరిని ఎంచుకుంది.

రాయలసీమ_రాజు
కార్టర్ వేరుశనగ రైతు కదా. మా అనంతపురం వాళ్లంతా ఆయన్ని మా మనిషి అనే అనుకుంటాం. 1980లో దేశమంతా రీగన్ గాలి వీస్తుంటే జార్జియా మాత్రం ఆయన్ని వదల్లేదు, ఆ మాట కూడా చెప్పాలి.

చరిత్ర_చలపతి
రాజు గారు, నిజమే. 1980లో కార్టర్ గెలిచింది ఆరు రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ. జార్జియాలో దాదాపు 56 శాతం వచ్చింది. 1976లో అయితే 159 కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) 159 ఆయనవే. పార్టీ మీద ప్రేమ కంటే మన ఊరివాడు అన్న అభిమానమే ఎక్కువ పనిచేసింది, ఎందుకంటే 1984లో ఆయన లేకపోయేసరికి రీగన్‌కి 60 శాతం ఇచ్చారు.

నల్లగొండ_నర్సింగ్
చలపతి గారి లెక్కలన్నీ కరెక్టే కానీ అసలు విషయం దాటేస్తున్నారు. "ఒకే జనం ఎలా మారతారు" అని కుర్రాడు అడిగిండు కదా, ఒకే జనం కాదు తమ్ముడూ. 1868 నుంచి 1960 దాకా డెమోక్రాట్లకి పడ్డ ఆ 60, 70, 90 శాతాలు ఎవరివి? రాష్ట్రంలో మూడో వంతు, పాతకాలంలో అయితే దాదాపు సగం మంది నల్లజాతి వాళ్లు. వాళ్లలో ఓటు వేయగలిగింది ఎంతమంది?

ముందు పోల్ ట్యాక్స్. ఓటేయాలంటే పన్ను కట్టాలి, ఒక ఏడు కట్టకపోతే మరుసటి ఏడు పాతబాకీతో కలిపి కట్టాలి. పత్తి చేలో కౌలుకి చేసుకునే మనిషి ఏడేళ్ల బాకీ ఎక్కడి నుంచి తెస్తాడు? ఆపైన 1908లో రాజ్యాంగ సవరణ చేసి చదువు పరీక్ష పెట్టారు. చదివింది సరిగ్గా ఉందో లేదో చెప్పేది తెల్ల అధికారి. అవన్నీ దాటి వచ్చినా ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, తెల్లవాళ్లు మాత్రమే ఓటేయాలని పార్టీ రూలు. రాష్ట్రంలో ఉన్నదే ఒక్క పార్టీ, దాని ప్రైమరీయే అసలు ఎన్నిక. కొలంబస్‌లో ప్రైమస్ కింగ్ అనే నల్లజాతి ఆయన 1944లో ఓటేయడానికి వెళ్తే బయటికి పంపించారు, ఆయన కోర్టుకి పోయి గెలిచిండు, 1946లో గాని ఆ రూలు పోలేదు. అప్పటికీ ఊళ్లలో భయపెట్టి ఆపడం ఆగలేదు. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చాకే గట్టిగా పేర్లు నమోదయ్యాయి.

అందుకే నేను 1964కి ముందు మ్యాపుని, తర్వాత మ్యాపుని పక్కపక్కన పెట్టి "రాష్ట్రం మనసు మార్చుకుంది" అంటే ఒప్పుకోను. ఓటర్ల జాబితానే మారింది.

మ్యాప్_పిచ్చి
నర్సన్న చెప్పింది నూటికి నూరు. దానికి ఇంకొకటి కలుపుతా. రాష్ట్ర పదవుల ప్రైమరీల్లో కౌంటీ యూనిట్ పద్ధతి అని ఒకటి ఉండేది. పెద్ద ఎనిమిది కౌంటీలకి ఆరేసి యూనిట్లు, ఆ తర్వాత ముప్పై కౌంటీలకి నాలుగేసి, మిగిలిన అన్ని చిన్న కౌంటీలకీ రెండేసి. అంటే అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీ లక్షల ఓట్లకీ, ఎక్కడో దక్షిణాన మూడు పల్లె కౌంటీల కొన్ని వేల ఓట్లకీ ఒకటే బరువు. 1963లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇది అధ్యక్ష ఎన్నికకి వాడలేదు గానీ రాష్ట్ర రాజకీయాన్ని తరతరాలు పల్లె నాయకుల చేతిలో పెట్టింది ఇదే. ఓటు హక్కు రూల్స్ రాసిందీ వాళ్లే.

గోదారిగట్టు
1950ల సంగతి సరే, ఒప్పుకుంటాం. కానీ కుర్రాడు అడిగింది ఇప్పటి సంగతి. ఇప్పుడు అందరికీ ఓటుంది కదా. మరి 2020లో బైడెన్, 2022లో గవర్నర్‌గా రిపబ్లికన్ కెంప్, అదే ఏడాది సెనేటర్‌గా డెమోక్రాట్ వార్నాక్, 2024లో ట్రంప్. ఇందులో జాబితా మారిందేముంది? కెంప్ ఏడు పాయింట్ల (అంటే ఏడు శాతం ఓట్ల) పైన తేడాతో గెలిచాడు, అవే మెషీన్లు, అదే రోజు, అదే ఓటర్లు, వార్నాక్ కూడా రిపబ్లికన్ కంటే ముందున్నాడు, తర్వాత డిసెంబర్ రనాఫ్‌లో (మొదటి ఇద్దరికే మళ్లీ పెట్టే ఎన్నిక) గెలిచాడు. లక్షల మంది పైన రిపబ్లికన్‌కి, కింద డెమోక్రాట్‌కి వేశారన్నమాట, లేదా ఒకటి ఖాళీగా వదిలేశారు. నా లెక్కలో ఇది మనుషుల్ని చూసి వేసే రాష్ట్రం. అభ్యర్థి నచ్చితే ఏ పార్టీ అయినా ఓకే. కార్టర్ కథ కూడా అదే చెప్తోంది.

డెకాటర్_పద్మ
గోదారిగట్టు గారు, లక్షల మంది అనేది కొంచెం ఆలోచించి చెప్పాలి. 2022లో కెంప్‌కి వేసి, సెనేట్‌కి నిలబడ్డ రిపబ్లికన్ వాకర్‌కి వేయని వాళ్లు గణనీయంగానే ఉన్నారు, నిజం. కానీ 50 లక్షల మంది ఓటేసే చోట రెండు పక్కలా 47, 48 శాతం గట్టిగా కదలకుండా ఉంటేనే ఆ మధ్యలో కొద్దిమంది ఫలితం తేలుస్తారు. 2004లో బుష్ ఇక్కడ 16 పాయింట్ల పైన తేడాతో గెలిచాడు. అప్పుడు ఎంత మంచి డెమోక్రాట్ అభ్యర్థి వచ్చినా మధ్యలో ఉన్నవాళ్లు ఏమీ చేయలేకపోయేవాళ్లు. 16 నుంచి సున్నాకి ఎలా వచ్చింది? అది అభ్యర్థి గొప్పతనంతో అయ్యే పని కాదు.

మా వీధినే తీసుకోండి. మా పక్కింటివాళ్లు షికాగో నుంచి వచ్చారు, ఎదురింటివాళ్లు డెట్రాయిట్ నుంచి. రెండూ నల్లజాతి కుటుంబాలే, వాళ్ల తాతలు జార్జియా, అలబామా నుంచి 1920ల్లో పారిపోయినవాళ్లు, మనవలు ఉద్యోగాల కోసం అట్లాంటాకి తిరిగొచ్చారు. 1970ల నుంచీ ఈ తిరుగు వలస సాగుతూనే ఉంది. అట్లాంటా చుట్టూ కౌంటీల రంగు మారడంలో దీనిది పెద్ద వాటా.

కమ్మింగ్_కుర్రాడు
పద్మక్కా, మరి 1992లో క్లింటన్ ఎలా గెలిచాడు? అప్పటికి ఈ వలసలు ఇంత లేవు కదా.

మ్యాప్_పిచ్చి
1992 ప్రత్యేకం. క్లింటన్‌కి 43.5 శాతం, సీనియర్ బుష్‌కి 42.9, స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకి 13 శాతం పైన. మెజారిటీ 13,714. గవర్నర్ జెల్ మిల్లర్ క్లింటన్ వెనక గట్టిగా నిలబడ్డాడు, సాటి దక్షిణాది గవర్నర్ అన్న అభిమానం ఒకటి, పల్లెల్లో పాత డెమోక్రాట్లు ఇంకా మిగిలున్నారు. 1996లో అదే క్లింటన్ దేశమంతా సులువుగా గెలిచి, జార్జియాలో మాత్రం దాదాపు 27 వేల ఓట్లతో డోల్ చేతిలో ఓడాడు. ఆ తర్వాత 2020 దాకా అధ్యక్ష ఎన్నికలో ఇక్కడ డెమోక్రాట్ గెలవలేదు. ఆ జెల్ మిల్లరే 2004లో రిపబ్లికన్ జాతీయ సభలో బుష్ తరఫున ప్రసంగించాడు. పాత పల్లె డెమోక్రాట్లు ఎటు పోయారంటే నేను ఈయన్నే చూపిస్తా. 2002లో సోనీ పర్డ్యూ గెలిచాడు, అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం నుంచి చూస్తే ఇక్కడ మొదటి రిపబ్లికన్ గవర్నర్ ఆయనే. అధ్యక్ష ఎన్నికలో 1964లో మొదలైన మార్పు రాష్ట్ర స్థాయికి దిగడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

కొత్తగాచేరా
ఒక డౌటు. జార్జియాలో 50 శాతం దాటకపోతే రనాఫ్ పెడతారు కదా. బైడెన్‌కి వచ్చింది 49.5. మరి రనాఫ్ ఎందుకు పెట్టలేదు?

మ్యాప్_పిచ్చి
అధ్యక్ష ఎన్నికకి ఆ రూలు లేదు. ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడంలో రాష్ట్రానికి ఉన్న మొత్తం 16 ఎలక్టోరల్ ఓట్లూ వాళ్లకే. 1968లో వాలెస్ 43 శాతంతోనే గెలిచాడు. సెనేట్‌కి మాత్రం రూలు ఉంది. 1992లో అదే రోజు క్లింటన్ 43 శాతంతో రాష్ట్రం గెలిస్తే, డెమోక్రాట్ సెనేటర్ వైచ్ ఫౌలర్ నవంబర్‌లో ముందుండి కూడా 50 దాటక రనాఫ్‌కి వెళ్లి ఓడిపోయాడు.

పల్నాడు_టు_అట్లాంటా
మా గ్విన్నెట్ కౌంటీ సంగతి ఎవరూ రాయలేదేం? 1970లో జనాభా 72 వేలు, 2020లో 9 లక్షల 57 వేలు. 1990లో పదిమందిలో తొమ్మిదిమంది తెల్లవాళ్లు, ఇప్పుడు మూడో వంతు. కొరియా వాళ్లు, మెక్సికో వాళ్లు, జమైకా వాళ్లు, మనవాళ్లు, అందరం ఇక్కడే. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీ ఇక్కడ తొమ్మిది పాయింట్లతో గెలిచాడు. 2016లో రాష్ట్రం ట్రంప్ గెలిచినా గ్విన్నెట్, కాబ్ రెండూ హిల్లరీకి వెళ్లాయి, కార్టర్ 1976 తర్వాత ఆ రెండు కౌంటీలు డెమోక్రాట్‌కి వెళ్లడం అదే. 2020లో గ్విన్నెట్‌లో బైడెన్ ఆధిక్యం 18 పాయింట్లు. రెండు ఎన్నికల్లో 27 పాయింట్లు కదిలింది. దీన్ని అభ్యర్థి మహిమ అని ఎట్లా అంటారు గోదారిగట్టూ?

గోదారిగట్టు
కాబ్ సంగతి చెప్పండి మరి. అక్కడ పాత రిపబ్లికన్లు, కాలేజీ చదివి కార్పొరేట్ ఉద్యోగాలు చేసేవాళ్లు, రామ్నీకి వేసినవాళ్లే ట్రంప్ నచ్చక అటు పోయారు. వాళ్లే 2022లో కెంప్‌కి తిరిగొచ్చారు. మనుషులు మారారు అనేది గ్విన్నెట్‌కి సరిపోతుంది, కాబ్‌కి సగమే సరిపోతుంది. నేను చెప్పేది ఆ సగం గురించి. ఆ సగమే 11,779ని తేల్చింది.

నల్లగొండ_నర్సింగ్
ఇది నేను ఒప్పుకుంటా. రెండూ ఉన్నాయి. కానీ ముందు మెట్టు వలస, రెండో మెట్టు మీరు చెప్పింది.

కమ్మింగ్_కుర్రాడు
మా ఫోర్సైత్ కౌంటీ మాత్రం ఎర్రగానే (రిపబ్లికన్ల రంగు) ఉంది. మా వీధి చూస్తే సంక్రాంతికి గుంటూరులో ఉన్నట్టుంటుంది, అయినా 2020లో ట్రంప్‌కి 66 శాతం దగ్గర వచ్చాయి!

చరిత్ర_చలపతి
2012లో రామ్నీకి ఫోర్సైత్‌లో 80 శాతం, ఆ లెక్కన చూడండి. ఇంకో విషయం, అక్కడ ఉంటున్న ప్రతి తెలుగువాడికీ ఇది తెలియాలి. 1912లో ఒక తెల్ల అమ్మాయి హత్య తర్వాత ఆ కౌంటీలో ఉన్న నల్లజాతి వాళ్లని, దాదాపు 1,100 మందిని, ఇళ్లు తగలబెట్టి, బెదిరించి తరిమేశారు. భూములు పోయాయి, చర్చిలు పోయాయి. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకి పైగా అది తెల్లవాళ్ల కౌంటీగానే ఉంది. 1987 జనవరిలో హోజియా విలియమ్స్ నాయకత్వంలో చిన్న ఊరేగింపు వస్తే రాళ్లు వేశారు. వారం తిరిగేసరికి దాదాపు ఇరవై వేల మంది కవాతు చేశారు. 2000లో అక్కడ జనాభా 98 వేలు, 2020లో రెండున్నర లక్షలు, ప్రతి ఐదారుగురిలో ఒకరు ఆసియా మూలాలవాళ్లు. మనం పిల్లల్ని బడికి దింపే ఆ రోడ్ల మీద జరిగిన చరిత్ర ఇది.

శ్రీకాకుళం_సోదరి
నేను అక్కడే తొమ్మిదేళ్లుగా ఉంటున్నా, ఈ 1912 సంగతి మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు చేసినప్పుడు తెలిసింది. చాలా బాధేసింది.

ఇక మనవాళ్ల ఓటు గురించి. మా అపార్ట్‌మెంట్లలో సగం పైన హెచ్1బీ, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్లం. ఓటు లేదు. వీధి నిండా మనమే కనిపిస్తే ఓటర్ల లిస్టు నిండా కూడా మనమే అనుకోవద్దు తమ్ముడూ. ఓటున్న మనవాళ్లు కూడా అందరూ ఒకే పార్టీ కాదు. 2024లో మా భోజనాల దగ్గర ఒకరు కమలా హ్యారిస్ వాళ్ల అమ్మ మద్రాస్ నుంచి వెళ్లారంటారు, ఇంకొకరు ట్రంప్ పక్కన ఉపాధ్యక్షుడిగా నిలబడ్డ వాన్స్ భార్య ఉషా వాన్స్‌ది మన గోదావరి జిల్లా మూలాలు అంటారు, చివరికి పన్నుల దగ్గరా, వీసాల దగ్గరా ఆగేది గొడవ.

పల్నాడు_టు_అట్లాంటా
సోదరి గారు చెప్పినదానికి ఒక తోక ఉంది. మనకి ఓటు లేకపోయినా జనాభా లెక్కల్లో ఉంటాం. ప్రతినిధుల సభ సీట్లు మొత్తం జనాభాని బట్టి పంచుతారు, పౌరుల్ని బట్టి కాదు. ఎలక్టోరల్ ఓట్లు వాటిని బట్టే. 1980ల్లో జార్జియాకి 12, 1992లో 13, 2004లో 15, 2012 నుంచి 16. ఆ పెరుగుదలలో వీసా మీద ఉన్న మనవాళ్ల తలకాయలు కూడా లెక్కకి వచ్చాయి. జార్జియా బరువు పెంచాం, అది ఎటు తూగాలో చెప్పే హక్కు మాత్రం రాలేదు.

ఫ్రిస్కో_ఫణి
ఇది టెక్సస్‌కి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. మాకిప్పుడు 40.

సవన్నా_స్వాతి
అందరూ అట్లాంటా చుట్టూనే తిరుగుతున్నారు, రాష్ట్రంలో మిగతా కౌంటీలు కూడా ఉన్నాయి. మధ్యలో అడ్డంగా పత్తి నేల పట్టీ ఉంది, ఆగస్టా కింద నుంచి మేకన్, కొలంబస్ దాటి పోతుంది. నల్లజాతి వాళ్లు ఎక్కువ, ఊళ్లు చిన్నవి, ఏడాదికేడాది ఖాళీ అవుతున్నాయి. 2024లో బాల్డ్విన్, జెఫర్సన్, వాషింగ్టన్ కౌంటీలు బైడెన్ నుంచి ట్రంప్‌కి మారాయి. అట్లాంటాలో కొత్త ఓటర్లు వస్తుంటే ఇక్కడ పిల్లలు చదువుకుని అట్లాంటాకే పోతున్నారు, ముసలివాళ్లు పోతున్నారు. ఆస్పత్రులు మూతపడ్డాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఎవడొచ్చినా మాకేం ఒరిగింది అనే మాట మా క్లినిక్‌కి వచ్చే పేషెంట్ల నోట రోజూ వింటాను. ఆ నిరాశ ఓటుకి వెళ్లకపోవడంగా కనిపిస్తుంది. మ్యాపు మీద రంగు మారిందని చెప్తారు గానీ ఎవరు ఇంట్లో కూర్చున్నారో మ్యాపు చెప్పదు.

ఉత్తరాన కొండల్లో ఫానిన్ లాంటి కౌంటీలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పత్తి లేదు, బానిసలు తక్కువ, అంతర్యుద్ధంలో యూనియన్ (ఉత్తరాది) వైపు మొగ్గినవాళ్లు ఎక్కువ, అందుకే రాష్ట్రమంతా డెమోక్రాట్ అయిన రోజుల్లో కూడా అక్కడ రిపబ్లికన్లు బలంగా ఉండేవాళ్లు.

మ్యాప్_పిచ్చి
స్వాతి గారి పోస్టు ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే మంచిది. కానీ 2024లో డెమోక్రాట్లు ఇంట్లో కూర్చున్నారు కాబట్టి ఓడారు అనే మాట రాష్ట్రం మొత్తానికి వర్తించదు. బైడెన్‌కి 2020లో వచ్చినవి 24.7 లక్షలు, కమలా హ్యారిస్‌కి 2024లో 25.5 లక్షలు. ఆమెకి బైడెన్ కంటే దాదాపు 75 వేలు ఎక్కువే వచ్చాయి! ట్రంప్ 24.6 లక్షల నుంచి 26.6 లక్షలకి పెరిగాడు, 1,15,100 మెజారిటీతో గెలిచాడు. ఇద్దరూ పెరిగారు, ఆయన ఎక్కువ పెరిగాడు.

ఇప్పుడు కుర్రాడి లంచ్ వాదనకి అసలు లెక్క. గెలుపోటములు కాసేపు పక్కన పెట్టి, దేశం మొత్తం ఓటుతో పోలిస్తే జార్జియా ఎంత కుడి పక్కన (రిపబ్లికన్ వైపు) ఉందో చూడండి. 2004లో దేశంలో బుష్ ఆధిక్యం రెండున్నర పాయింట్లు, ఇక్కడ 16.6. అంటే 14 పాయింట్లు కుడిగా. 2012లో దేశంలో ఒబామా దాదాపు 4తో గెలిస్తే ఇక్కడ రామ్నీ 8 దగ్గర, అంటే 12. 2016లో 7. 2020లో దేశంలో బైడెన్ 4.5, ఇక్కడ పావు పాయింటు, అంటే 4 పైన. 2024లో దేశంలో ట్రంప్ 1.5, ఇక్కడ 2.2. తేడా ఒక్క పాయింటు కూడా లేదు. ట్రంప్ గెలిచిన ఏడాదే జార్జియా దేశ సగటుకి ఎప్పుడూ లేనంత దగ్గరికి వచ్చింది. దేశమంతా ఆరు పాయింట్లు కుడికి జరిగితే జార్జియా రెండున్నర జరిగింది. హెన్రీ కౌంటీ అయితే 2024లో కూడా ఎదురు ఈదింది, అక్కడ డెమోక్రాట్ ఆధిక్యం ఇంకా పెరిగింది.

గోదారిగట్టు
ఇది మంచి లెక్క, కాదనను. కానీ దేశ సగటుకి దగ్గరవడం అంటే డెమోక్రాట్ రాష్ట్రం అవడం కాదు. మీరే చెప్పారు, ఇద్దరూ పెరుగుతున్నారని. అట్లాంటా బయటి వలయంలో చెరోకీ, హాల్, జాక్సన్, బారో కౌంటీలకి వచ్చే జనం రిపబ్లికన్‌కి వేస్తున్నారు. ఆ పెరుగుదల కూడా లెక్కలోకి తీసుకోండి.

మ్యాప్_పిచ్చి
తీసుకునే అన్నా. డెమోక్రాట్ రాష్ట్రం అని నేను ఎక్కడా అనలేదు. 16 పాయింట్ల రాష్ట్రం కాస్తా ఒక పాయింట్ రాష్ట్రం అయింది అంటున్నా.

కొత్తగాచేరా
2020లో ఓట్ల లెక్కింపులో మోసం జరిగింది అని మా బంధువు ఇప్పటికీ వాట్సాప్‌లో పంపుతాడు. దానికేం చెప్పాలి?

డెకాటర్_పద్మ
నేను 2020లో పోలింగ్ దగ్గర పనిచేశాను కాబట్టి చెప్తా. ఓటరు తెర మీద పేరు నొక్కుతారు, ప్రింటర్ నుంచి కాగితం వస్తుంది, దాని మీద ఎవరికి వేశారో అక్షరాల్లో ఉంటుంది, చదువుకుని స్కానర్‌లో పెట్టాలి. కాగితం అక్కడే పెట్టెలో పడి ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు పీచ్ పండు బొమ్మ స్టిక్కర్ ఇస్తాం. నవంబర్‌లో ఆ కాగితాలన్నీ, దాదాపు యాభై లక్షలు, 159 కౌంటీల్లో మనుషులు కూర్చుని చేత్తో లెక్కపెట్టారు. ఒక్కో కాగితం ఇద్దరు చూసి పేరు పైకి చదివి కుప్పల్లో పెట్టాలి. గెలుపు మారలేదు. తర్వాత ట్రంప్ అడిగితే మెషీన్‌తో మళ్లీ లెక్కపెట్టారు, అప్పుడూ మారలేదు. మూడు లెక్కలు. రాష్ట్ర ఎన్నికల అధికారి రాఫెన్స్‌పర్గర్ రిపబ్లికన్, గవర్నర్ కెంప్ రిపబ్లికన్. 2021 జనవరి 2న ట్రంప్ ఫోన్ చేసి 11,780 ఓట్లు కావాలి అన్న రికార్డింగ్ ప్రపంచమంతా విన్నది, రాఫెన్స్‌పర్గర్ ఒప్పుకోలేదు. ఆ కష్టం చూసినదాన్ని కాబట్టి మోసం అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. మా టేబుల్ దగ్గర కూర్చున్న వాళ్లలో రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు, రాత్రిళ్లు కళ్లు వాచేలా పనిచేశారు.

నల్లగొండ_నర్సింగ్
పద్మ గారికి దండం. దాని తర్వాత 2021లో కొత్త చట్టం తెచ్చారు, పోలింగ్ దగ్గర క్యూలో నిలబడ్డవాళ్లకి నీళ్లు, తిండి పంచితే నేరం అన్నారు, పోస్టల్ ఓటుకి గుర్తింపు నంబర్లు అడుగుతున్నారు. నేను 1908 గురించి ఎందుకు చెప్పిన అంటే ఇందుకే. రూల్సు రాసే చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

గోదారిగట్టు
నర్సన్నా, 1908తో పోల్చడం ఎక్కువ. అదే చట్టంలో ముందస్తు ఓటింగ్‌కి శనివారాలు పెంచారు. 2024లో జార్జియా చరిత్రలోనే ఎక్కువ ఓట్లు పడ్డాయి, 52 లక్షల పైన. జనం ఓటేయలేకపోతే ఆ సంఖ్య ఎలా వస్తుంది?

నల్లగొండ_నర్సింగ్
మొత్తం సంఖ్య పెరిగితే ఎవరికీ ఇబ్బంది లేదని కాదు. జనాభా కూడా పెరిగింది కదా. క్యూ ఏ పేటలో పొడుగ్గా ఉంటుందో చూడాలె. 1908 అంత ఘోరం అని నేను అనలే, అలవాటు పాతది అంటున్న.

కమ్మింగ్_కుర్రాడు
చాలా థాంక్స్ అందరికీ. రేపు లంచ్‌లో చలపతి గారి 1868 నుంచి మొదలుపెట్టి మ్యాప్_పిచ్చి గారి సగటు లెక్కతో ముగిస్తా. ఇంకొక సొంత ప్రశ్న. మా అన్నయ్య సిటిజన్‌షిప్ ప్రమాణం వచ్చే నెల. ఓటుకి ఆయన పేరు దానంతట అదే ఎక్కుతుందా?

డెకాటర్_పద్మ
డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర పౌరుడిగా వివరాలు మార్పించుకున్నప్పుడు నమోదు చేస్తారు, వద్దంటే తప్ప. కానీ దాని మీద ఆధారపడొద్దు. ప్రమాణం అయిన రోజే ఫారం నింపమనండి, చాలాచోట్ల ఆ హాల్ బయటే వాలంటీర్లు ఉంటారు. ఎన్నికకి దాదాపు నెల ముందే గడువు అయిపోతుంది, ఆఖరి వారంలో పరుగెత్తితే కుదరదు. సర్టిఫికెట్‌లో పేరు, లైసెన్స్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముఖ్యంగా చూసుకోమనండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడతాయి, 2018లో పేరు అక్షరాలు కలవలేదని వేల దరఖాస్తులు పెండింగ్‌లో పెట్టారు.

శ్రీకాకుళం_సోదరి
మా మరిదికి అదే అయింది, ఇంటిపేరు మధ్యలోకి వచ్చింది. కౌంటీ ఆఫీసుకి పాస్‌పోర్ట్ పట్టుకెళ్తే అక్కడికక్కడే సరిచేశారు. మీ అన్నయ్యని ముందే చూసుకోమను.

ఫ్రిస్కో_ఫణి
ఎవరైనా టెక్సస్‌కి కూడా ఆ దేశ సగటు లెక్క వేసి పెట్టండి బాబూ, మ్యాప్_పిచ్చి గారూ, మీకే చెప్తున్నా.

మ్యాప్_పిచ్చి
శనివారం పెడతా, వేరే థ్రెడ్‌లో. అక్కడ దక్షిణ సరిహద్దు కౌంటీల కథ వేరు, స్టార్ కౌంటీ 2024లో ఎటు పోయిందో చూస్తే ఈ జార్జియా లెక్కలేవీ పనికిరావు.